అక్క రాయని ఇంగ్లీషు పరీక్ష

నేను ఇంగ్లీషు చెప్పే బడి ముందు మల్బరీ ఆకు మూటల ఆటో ఆగిందంటే చాలు, ఆ పచ్చి వాసనకు చాక్‌పీసు పట్టుకున్న నా చెయ్యి బోర్డు మీద నిలిచిపోతుంది.

టేకల్ పక్కన మా ఊళ్లో, పట్టుపురుగులు పెంచే మా ఇంట్లో మనుషులకు చోటుండేది కాదు. నట్టింటినిండా తట్టలు, తట్టలనిండా పురుగులు, తాలింపు ఘాటు వాటికి పడదని పండగనాడు కూడా అమ్మ వంట దొడ్లోనే, మా పడక అరుగు మీదే. పదో తరగతి చదివే అక్క తట్టల్లో ఆకు వేస్తూనే నాకు పాఠం చెప్పేది. బంగారు గనుల ఊరు కోరమండల్ నుంచి పొద్దుటి రైల్లో వచ్చే వాళ్ల మేష్టారి పద్ధతి అది: ఇంగ్లీషు క్రియను పట్టుకుని ‘ఏమి? ఎవరిని?’ అని అడగాలి, జవాబు వస్తే ట్రాన్సిటివ్, ఆ జవాబే ఆబ్జెక్టు.

“పురుగు ఈట్స్. ఏంటిని తింటాది?”

“ఆకుని.”

“అదే ఆబ్జెక్టు. ఇంగ, పురుగు స్లీప్స్. ఏంటిని నిదరపోతాది?”

నేను పడీపడీ నవ్వేదాన్ని.

అక్కకు ఇంగ్లీషొక్కటే భయం. పది పాసైతే మాలూరు కాలేజీలో చేరుస్తానని నాన్న ఒప్పుకున్నాడు.

సరిగ్గా ఇంగ్లీషు పరీక్ష రోజుకే పురుగులు గూడు కట్టడానికి వచ్చాయి. పండిన వాటిని ఏరి చంద్రికలు అనే వెదురు చట్రాల మీద వెయ్యాలి, పూట ఆలస్యమైతే పంటంతా పాడు. అమ్మ చెయ్యి విరిగి కట్టుతో ఉంది. అక్క బదులు నేను బడి మాని ఏరాలని ముందే అనుకున్నాం. వారమంతా ఆకు మోసి మోసి నాకు విసుగెత్తింది. తెల్లారగానే పొట్ట పట్టుకుని ముడుచుకున్నాను. నొప్పీ లేదు, పాడూ లేదు!

రిబ్బన్లు కట్టుకున్న జడలతో అక్క వచ్చి నా పొట్ట మీద చెయ్యేసి చూసింది. నాన్న గుమ్మంలోంచే, “పరీక్ష మళ్లా వస్తాదమ్మా. పురుగు కాసుకోని ఉండదు,” అన్నాడు. అక్క ఏడవలేదు. నాకు వాము నీళ్లు కాచి తాగించి, యూనిఫాం మార్చుకుని తట్టల దగ్గర కూర్చుంది. నొప్పి లేదని చెప్పేద్దామని నేను లేచేసరికి పరీక్ష అయిపోయింది. మళ్లీ రాయించే మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో పురుగూ లేదు, మల్బరీ తోటా లేదు, బోర్లు ఎండి అంతా నీలగిరి చెట్లే, నాన్నా పోయాడు. అక్క ఇక్కడికి దగ్గర్లోని నరసాపురంలో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కంచాలు కడుగుతుంది. కూతుర్ని ఆదివారాలు నా దగ్గరికి ఇంగ్లీషుకు పంపుతుంది.

మొన్న పాఠమయ్యాక ఆ పిల్ల సంచీలోంచి రెండు డబ్బాలు తీసింది.

“చిన్నమ్మా, ఇది నీది. నీకు చిన్నప్పట్నించీ కడుపు నొప్పంట గదా, మాయమ్మ కారం లేకుండా వేరేగా చేసి పంపినాది.”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. డబ్బా మొత్తం తిన్నాను, బాగుందని చెప్పమన్నాను.