బావి గట్టు మీద బొక్కెన

పన్నెండేళ్లు ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను. దాన్ని సర్కారు కాగితం మీద ఒకసారి రాశాను, నోటితో ఒకసారి చెప్పాను. మా ఆయనకు కూడా ఇంకా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కొంత సులువు.

నేను పంచాయతీ కార్యదర్శిగా పనిచేశాను. ఆదిలాబాద్ వైపు ఊరు, పేరు వద్దు. సొంత ఊళ్లో మాకు పోస్టింగు ఇవ్వరు. కానీ మా ఊరి కార్యదర్శి ప్రసవానికి సెలవు పెడితే, పక్క ఊళ్లోనే ఉన్నానని నాలుగు నెలలు ఆ ఊరు కూడా నన్నే చూసుకోమన్నారు. ఆ నాలుగు నెలల్లోనే సమూయేలు అర్జీ వచ్చింది.

సమూయేలు ఊళ్లో బోరింగులు బాగుచేసేవాడు. ఆయన భార్య రూతమ్మ మా బడిలో ఆయా. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన మనిషి, నేను అత్తా అని పిలిచేదాన్ని. వాళ్లది చర్చికి పోయే కుటుంబం. అలాంటి ఇళ్లు ఊళ్లో ఇరవై దాకా ఉండేవి, వాళ్లకు పాతిపెట్టుకునే చోటు లేదు. వాగు ఒడ్డున ఉన్నది ఒక వానకాలం కోసుకుపోయింది. అప్పటినుంచి ఎవరు పోయినా కాగజ్‌నగర్ తీసుకెళ్లేవారు. సమూయేలుకు ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాక, తన ఎకరంలో పది గుంటలు, అంటే పావు ఎకరం, సమాధులకు ఇస్తానన్నాడు. మొదటి సమాధి తనదేనని అందరికీ చెప్పుకున్నాడు.

సాగుభూమిని శ్మశానంగా వాడాలంటే అనుమతి కావాలి. పంచాయతీకి అర్జీ పెట్టాలి, అభ్యంతరాలు అడగాలి, కార్యదర్శి చోటు చూసి నివేదిక రాయాలి. ఊళ్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అభ్యంతరం ఉన్నది నాకే. ఆ పక్క చేను మా బాపుది. అందులో ఇల్లు కట్టుకోవాలని నేను అప్పటికే ప్లాను గీయించుకున్నాను.

పై అధికారికి ఒక్క మాట చెబితే సరిపోయేది, పక్క చేను మాదే సార్, ఈ ఫైలు ఇంకెవరికైనా ఇవ్వండి అని. ఎందుకు చెప్పలేదు? వంటింటి కిటికీ తెరిస్తే సమాధులు కనబడతాయని భయపడ్డానా? చుట్టాలు ఏమంటారోననా? వాళ్ల మతం చూసి కాదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అదే మావాళ్ల శ్మశానమైతే అలా చేసేదాన్నా అని నన్ను నేను ప్రశ్నించుకుంటే మాత్రం ఇప్పటికీ గట్టిగా జవాబు రాదు.

రెండు చేల మధ్య ఒక పాత బావి ఉండేది. ఏళ్ల కిందట పూడిక తీయడానికి అందులోకి దిగింది సమూయేలే. కింద బండ తగిలింది, ఇక ఊట లేదని పైకి వచ్చి చెప్పింది కూడా ఆయనే. ఆ తర్వాత ఎవరూ అందులో చేద వేయలేదు. నేను చోటు చూడబోయింది వానకాలంలో. అడుగున మోకాలి లోతు వాననీళ్లు నిలిచి ఉన్నాయి. తాగునీటి బావి పక్కన శ్మశానానికి అనుమతి ఇవ్వరని నాకు తెలుసు. ఇంటినుంచి స్కూటీ మీద బొక్కెన, చేంతాడు తెచ్చాను. అవును, ముందే అనుకుని తెచ్చాను. బొక్కెన తడిపి గట్టు మీద పెట్టి, తాడు పక్కన చుట్టి, ఎవరో ఇప్పుడే తోడుకున్నట్టు ఫోనులో ఫొటో తీశాను. ‘తాగునీటి బావి ఆనుకొని ఉన్నది, వాడుకలో ఉన్నది’ అని రాశాను. ఇంతలో వాన అందుకుంటే, కాగితాలు తడుస్తాయని స్కూటీ వైపు పరుగెత్తాను.

నెల తిరగకముందే అర్జీ తిరస్కరించారు. మరుసటి రోజు పొద్దున రూతమ్మత్త మా ఇంటికి వచ్చింది. చేతిలో తువ్వాలలో చుట్టినదేదో ఉంది.

“బిడ్డా, గా బాయిల తాగే నీళ్లున్నయని రాసినవట గద.”

నివేదికలో అట్లనే ఉందన్నాను.

“రాసిన సంగతి అడుగుతలేను. ఉన్నయా?”

“ఉన్నయి అత్తా.”

ఆమె తువ్వాల విప్పి బొక్కెనను అరుగు మీద పెట్టింది. మా దగ్గర కొత్త సామాను కొంటే పేరు కొట్టించనిదే ఇంట్లోకి తీసుకోరు. అంచు కింద చుక్కలు చుక్కలుగా బాపు పేరు ఉంది.

“మీ బాపు పేరున్నది. గట్టు మీద మరిచిపోయినవు. తాడు సుత అండ్లనే ఉన్నది, చూసుకో.”

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. చాయ్ తాగిపో అత్తా అన్నాను. అప్పుడు నా నోటికి వచ్చిన మాట అది, చాయ్! ఇంట్లో ఆయన ఒక్కడే ఉన్నాడని ఆమె వెళ్లిపోయింది. ఆ బొక్కెనను మండలాఫీసుకు పట్టుకుపోతే నా ఉద్యోగం పోయేది. నా దగ్గరికే ఎందుకు తెచ్చింది? తప్పు దిద్దుకుంటానని ఒక అవకాశం ఇచ్చిందేమో. అలాగైతే ఆ అవకాశాన్ని కూడా నేను లోపలికి తీసుకెళ్లి అటక మీద పెట్టేశాను.

పత్తి ఏరే రోజుల్లో సమూయేలు పోయాడు. ట్రాలీ ఆటోలో కాగజ్‌నగర్ తీసుకెళ్లారు. నేను రోడ్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ప్రతి ఈస్టరుకూ రూతమ్మత్త ముందురోజే బస్సెక్కి ఆయన సమాధి దగ్గరికి పోయేది.

మేము ఇల్లు కట్టాం. పునాది మట్టితో ఆ బావిని పూడ్చింది కూడా మేమే. తాగే నీళ్ల బావిని పూడుస్తారా అని ఊళ్లో ఒక్కరూ అడగలేదు.

పోయిన నెల చర్చి సంఘం వాళ్లు అదే పది గుంటలకు మళ్లీ అర్జీ పెట్టారు. పక్క ఇల్లు కాబట్టి మాకు నోటీసు వచ్చింది. పాత ఫైలులో బావి ఉంది కదా మేడం, అది ఏమైంది అని కొత్త కార్యదర్శి అడిగింది. పూడ్చేశాం అంటే సరిపోయేది. నిజంగానే సరిపోయేది. రెండు రోజులు ఆ మాట నోట్లో నానింది. మూడో రోజు కాగితం తీసుకుని, బావిలో ఊట లేదనీ, బొక్కెన నేనే పెట్టాననీ రాసి, సంతకం చేసి ఇచ్చాను. పింఛను సంగతి ఏమవుతుందో తెలియదు.

అక్కడినుంచి రూతమ్మత్త ఇంటికి నడిచాను. గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఆ రోజు ఆమె అడిగినదానికి జవాబు చెప్పాను.

“లేకుండె అత్తా. గా బాయిల తాగే నీళ్లు లేకుండె.”

ఆమె చేతులు ఆగలేదు. తిట్టలేదు, పోనీలే అనలేదు. నేను ఇంటికి వచ్చేశాను. ఈసారి అనుమతి వస్తుంది. వచ్చినా, ఆమెకు చోటు ఇక్కడ, ఆయనకు కాగజ్‌నగర్‌లో.

చెప్పాక తేలికగా ఉందా అని అడిగితే, ఉంది. నాకు ఉంది.