రోడ్డుకు అడ్డం నిలబడ్డ అక్క

మొన్న ఉదయం ఎమ్మిగనూరు వెళ్దామని ఆదోనిలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటీ దాటగానే, పత్తి తీతకు పోయే ఆడవాళ్ళను కుక్కి ఎక్కించుకున్న ఆటో ఒకటి మా బస్సును రాసుకుంటూ ముందుకు దూసుకుపోయింది. వెనక కూర్చున్నవాళ్ళ కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. చూడలేక కళ్ళు మూసుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆదోనిలో ఒక ఆసుపత్రిలో నర్సును. ప్రమాదాల్లో దెబ్బలు తిని ఇళ్ళకు చేరినవాళ్ళను వెతుక్కుంటూ జీపులో పల్లెలకు పోయి, కట్లు మార్చి, చంకకర్రల మీద నడక నేర్పి, ఊరివాళ్ళను కూర్చోబెట్టి ఇలాంటివి మళ్ళీ జరగకుండా నాలుగు మాటలు చెప్పి రావడం మా పని. ఏ ఇంటికి పోయినా ఇంత బొరుగుల ఉగ్గాని పెట్టందే కదలనిచ్చేవారు కాదు. తమకు ఉందో లేదో చూసుకునేవారు కాదు.

ఎమ్మిగనూరు దారిలోని ఒక పల్లెలో, ఆడవాళ్ళను కూడగట్టి కూలికి తీసుకుపోయే ఒకామె ఉండేది, అందరూ అక్కా అనే పిలిచేవారు. పత్తి తీసే రోజుల్లో వాళ్ళ ఆటో మలుపు దగ్గర బోల్తా పడింది. అక్కకు కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఆమె చెల్లెలు అక్కడికక్కడే పోయింది. ఆ ఉదయం చోటు లేదు, నేను రానని చెల్లెలు మొరాయిస్తే, నా ఒళ్ళో కూర్చుందువు రమ్మని చేయి పట్టి ఎక్కించుకున్నది ఈ అక్కే.

నేను వెళ్ళినప్పుడల్లా ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. తల్లి కలిపిన ముద్ద అలాగే ఎండిపోయేది. ఒక బిడ్డను పూడ్చి వచ్చి ఇంకో బిడ్డకు కాపలా కూర్చున్న ఆ ముసలామె, “ఆ బిడ్డ పాయ, ఈ బిడ్డ పోతాంది, నేను ఎవురికని ఏడ్సల్ల సిస్టరమ్మా?” అని నన్నడిగేది. అక్క మాత్రం ఒక్కసారే నోరు విప్పింది. “కాలు తీసినారు గానీ, ఈ సెయ్యి తీసేసింటే బాగుండు” అంది. నేను ఆ చేతిని పట్టుకుని కూర్చోవడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను.

ఆ ఊళ్ళోనే సమావేశం పెట్టి, కిక్కిరిసిన ఆటో ఎక్కొద్దని చెప్పాను. వెనక నుంచి ఒకామె, “ఎక్కకుంటే పనికి ఎట్ల పోయేదమ్మా? బస్సు ఈడ నిలస్తాదా?” అంది.

తర్వాత ఒక ఉదయం మా జీపు ఊరి మొదట్లోకి వచ్చేసరికి కేకలు వినిపించాయి. అంతవరకూ గోడవైపే తిరిగి పడుకున్న అక్క, మేమిచ్చిన చంకకర్రల మీద రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. ఎదురుగా నిండిపోయిన ఆటో. “సగం మంది దిగల్ల. లేదంటే నా మీదనే ఎక్కిచ్చుకొని పోరా అబ్బీ” అని అరుస్తోంది. ఆటోలోంచి ఒకామె, “నీ సెల్లెల్ని తింటివి, ఇప్పుడు మా కూలి తింటావా?” అనేసింది. ఆ మాటకు అక్క తూలి కంకర మీద పడింది. మానీ మానని కాలు చిట్లి రక్తం కారింది. నేను పరిగెత్తి లేపబోతే లేవలేదు. ఆటో ముందు చక్రాన్ని రెండు చేతులా వాటేసుకుంది.

చివరికి కొందరు తిట్టుకుంటూ దిగారు. మిగిలినవాళ్ళను చేను దగ్గర దించి, డ్రైవరు ఈ దిగినవాళ్ళకోసం మళ్ళీ వచ్చాడు. ఆలస్యమైందని చేనుగలాయన వాళ్ళను వెనక్కి పంపేశాడట. ఆ తర్వాత ఆటో ఇంకో దారిన పోవడం మొదలుపెట్టింది. ఎవరిని తప్పుపట్టను?

పత్తి అయిపోయాక నేను వెళ్తే అక్క ఇంటికి తాళం ఉంది. ఆ ఏడు పనుల్లేక ఊళ్ళో సగం మంది గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అదే వలస పనికి, పోయారు. అక్కా, తల్లీ కూడా పోయారు. “లారీలోనమ్మా. ఎక్కనని శానాసేపు ఏడ్సింది. ముసల్ది కింద నుంచి నూకితే పైనోళ్ళు లాక్కున్న్యారు” అని పక్కింటామె చెప్పింది. ఆ తర్వాత నన్ను వేరే ఊళ్ళకు మార్చారు. అక్క ఏమైందో తెలియదు.

ఇప్పుడు రోడ్లు నున్నగా ఉన్నాయి, అంబులెన్సు పిలిస్తే వస్తుంది, పెట్టుడు కాళ్ళూ దొరుకుతున్నాయి. ఇంటికి పంపాక పుండు ఎలా ఉందని ఆసుపత్రివాళ్ళు ఫోను చేసి అడుగుతారట. మంచిదే. కానీ గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఆ ఫోను ఎత్తదు. అప్పట్లో మా దగ్గర మందులూ తక్కువే, జవాబులూ తక్కువే. ఆ గుమ్మాల్లో చాలాసేపు కూర్చునేవాళ్ళం. ఇప్పుడు అలా కూర్చునేవాళ్ళు ఎవరున్నారు?