నిండుగా తిరిగొచ్చిన గిన్నె

పంజాగుట్ట రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల నుంచి ఒక మాట నా నాలుక కింద ఉండిపోయింది. ఇప్పుడు ఆ స్తంభాల మీద రైళ్ళు పోతున్నాయి. మాట మాత్రం కదల్లేదు. దాన్ని అక్కడ పెట్టుకునే పాటలు పాడాను, ప్రార్థనలు చేశాను, ఇతరుల పాపాలు విన్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో మా క్రైస్తవ సంఘం ఉంది. ప్రతినెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల, యేసు చివరి విందును తలచుకునే ఆరాధన. రొట్టె ముక్కలు, చిన్న గాజు గిన్నెల్లో ద్రాక్షారసం పళ్ళెంలో వరుసల వెంట తిరుగుతాయి. ఆ రసం కాచేది నేనే. శనివారం నల్లద్రాక్ష కడిగి, ఉడకబెట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి చల్లారబెడతాను. పులియనివ్వను. తాగుడు మాని వచ్చినవాళ్ళు మా మధ్య చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసమే ఆ నియమం. ఈ పని చేసేటప్పుడు నాకున్నంత సంతోషం ఇంకెప్పుడూ లేదు. ఇప్పటికీ అంతే.

మా దగ్గర ఇంకో వాడుక ఉంది. ఎవరైనా గిన్నె ఎత్తి, తాగకుండా పళ్ళెంలో తిరిగి పెట్టేస్తే, వాళ్ళ మనసులో ఒప్పుకోని పాపం ఏదో ఉందని అర్థం. ఆ వారంలోనే పాస్టరు అయ్యగారు, సంఘ పెద్దలు వాళ్ళింటికి వెళ్ళి అడుగుతారు.

ఆ ఏడు, శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చే కరుణమ్మగారు ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆవిడది గుంటూరు వైపు. కూతుర్ని మహారాష్ట్ర కొండల్లో ద్రాక్షతోటలున్న ఇంటికి ఇచ్చారు. వైన్ చేయడం ఆ కుటుంబం పని.

"కాబర్నే అంటారండి బ్రదర్. మా వియ్యంకుడుగారు కొండ తొలిచి నేలమాళిగ కట్టుకున్నారు. మా అమ్మాయి పెళ్ళికి ముందు నుంచీ ఈ సీసా అందులో పడుకునే ఉంది. వీటిని అమ్మరండి, ఇంట్లో శుభకార్యానికే తీస్తారు. బల్లకి వాడండి. ప్రభువుకి మంచిదే ఇవ్వాలి కదా" అన్నారు.

అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, ఇది మన బల్లకు వద్దు, ఆవిడ మనసు నొచ్చుకోకుండా ఇంటికి తీసుకెళ్ళి పారబోసెయ్యండి అన్నారు. సరేనన్నాను.

శనివారం మధ్యాహ్నం. ఇంట్లో ఎవరూ లేరు. రేపటి రసం కాచి దించాను, గిన్నెలో చల్లారుతోంది. సీసా బిరడా పాతది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే సగం లోపలికి రాలిపోయింది. ముక్కలు సింకులో అడ్డుపడతాయని, రసం వడగట్టే గుడ్డలోనే వంచాను. సింకు కోసమేనా? అప్పుడు అలాగే అనుకున్నాను. కానీ గుడ్డ కింద గ్లాసు ఎందుకు పెట్టాను?

పుట్టి బుద్ధెరిగి మద్యం ముట్టనివాణ్ణి. గ్లాసు వెలుతురుకు ఎత్తిపట్టాను. మధ్యలో నేరేడు రంగు, అంచున పాత ఇటుక రంగు. వాసన చూస్తే మా నాయనమ్మ టేకు పెట్టె మూత తీసినట్టనిపించింది. అడుగున ఎక్కడో ఆరిన పొగాకు, ఎండిన రేగుపండు. ఒక గుక్క తాగాను. వగరుంది. కానీ కరవని వగరు, వయసుతో కోపం తగ్గిన మనిషి మాటలాంటిది. నేను కాచే రసం తీపి నాలుక మీదికి వచ్చినంత తొందరగానే పోతుంది. ఇది అలా కాదు. వచ్చింది, కాసేపు కూర్చుంది, మింగిన తరవాత కూడా తీరిగ్గా వెళ్ళింది. చీకట్లో, చల్లదనంలో, ఎవరూ కదపకుండా పడుకుని ఒక పండు ఇంత నిదానం నేర్చుకుంటుందా? కిటికీ కింద కరపత్రాలు పంచేవాళ్ళు కోర్సుల పేర్లు అరుస్తున్నారు. నేను ఆ గ్లాసు చేతిలో ఉండగానే దేవుణ్ణి స్తుతించాను. నిజంగా స్తుతించాను. అందుకు ఈ రోజుకీ నాకు పశ్చాత్తాపం లేదు. తప్పు సీసాలో లేదు.

గ్లాసు ఖాళీ అయింది. రెండోది పోసుకోబోయి ఆగాను. తాగితే పాపం. పారబోద్దామంటే చెయ్యి రాలేదు. ఎవరో ముసలాయన ఇన్నేళ్ళు కాపాడినదాన్ని మోరీ పాలు చెయ్యనా? పక్కనే రసం చల్లారుతోంది. అందులో వంచేశాను.

దేవుడి బల్లకు మంచిది ఇస్తున్నానని చెప్పుకున్నాను. నిజం అది కాదు. నేనొక్కణ్ణే రుచి చూశానన్న బరువు సంఘమంతా తలా కొంచెం పంచుకుంటే తేలికవుతుందని లోపల ఎక్కడో అనుకున్నాను. బలహీనుడైన సహోదరుడి దారిలో అడ్డురాయి పెట్టకూడదని ఆదివారం బడి పిల్లలకు నేర్పింది నేనే. ఆ మధ్యాహ్నం నాకు ఏ సహోదరుడూ గుర్తు రాలేదు.

ఆదివారం పళ్ళెం తిరిగింది. రసం ఈసారి బాగుందని ఒకరిద్దరు సైగ చేశారు. కరుణమ్మగారు కళ్ళు మూసుకుని నవ్వారు. పళ్ళెం నా చేతికి తిరిగొచ్చేసరికి ఖాళీ గిన్నెల మధ్య ఒకటి నిండుగా ఉంది.

అది బాలరాజు పెట్టింది. సనత్‌నగర్‌లో లేత్ మెషీన్ మీద పని చేస్తాడు. ఒకప్పుడు సారాకు ఇల్లంతా ధారపోసినవాడు. అతనితో మోకాళ్ళూని, తాగుడు మాన్పించి, బాప్తిస్మానికి తీసుకొచ్చింది నేనే. బల్ల మీద మిగిలింది బల్ల సర్దేవాడే తాగాలని మా వాడుక. ఆ గిన్నె నేనే తాగాను.

ఆ వారం అయ్యగారితో కలిసి అతనింటికి వెళ్ళిన పెద్దల్లో నేనూ ఉన్నాను. ఏం పాపమని అయ్యగారు అడిగారు. మనసు ఒప్పలేదయ్యగారూ అన్నాడు బాలరాజు. అంతకుమించి చెప్పలేదు. తలుపు దగ్గర నిలబడ్డ అతని భార్య యాదమ్మ, "మళ్ళ మొదలువెట్టిండా అయ్యగారూ?" అని అడిగింది. అయ్యగారు ప్రార్థన చేద్దామన్నారు. నేనూ అందరితో పాటు కళ్ళు మూసుకున్నాను. నా అసలు తప్పు అక్కడుంది. ఒక్క మాట చాలు కదా? నోరు తెరవలేదు.

మిగతావాళ్ళు వెళ్ళాక బాలరాజు నన్ను బస్టాపు దాకా సాగనంపాడు.

"అన్నా, రసంల ఏం కలిపినవ్?"

నేను బస్సు వచ్చే వైపు చూశాను.

"మస్తు పాత సరుకు లెక్కున్నది. గసుంటిది నా జిందగీల తాగలే. మాది సారా ఖాందాన్ గద." నవ్వాడు. "వాసనకే పానం గుంజిందన్నా. గందుకే పెట్టేసిన."

"మరి అయ్యగారితో చెప్పొచ్చు కదా బాలరాజూ?"

"చెప్తే నీ బల్ల పని పోతది. నీకు గదొక్కటే ఖుషీ."

"మరి యాదమ్మ?"

"కొన్ని దినాలు నా నోరు వాసన చూస్తది. చూడనీ, ఆమెకు అలవాటే." బస్సు వచ్చింది. "పైలం అన్నా. వచ్చే బల్లకు మామూలుగ ఉడకవెట్టు."

మామూలుగానే ఉడకబెట్టాను. బాలరాజును కొన్ని నెలలు బల్లకు దూరం ఉంచారు. వెనక బెంచీ మీద కూర్చుని, పళ్ళెం తనను దాటిపోతుంటే చూసేవాడు. చివరికి సంఘం ముందు నిలబడి, తన బలహీనతను క్షమించమని అడిగాడు. అప్పుడూ పళ్ళెం నా చేతిలోనే ఉంది. ఎందుకు మాట్లాడలేదు? పరువా? అతను చెప్పిన ఆ ఒక్క ఖుషీ పోతుందనా? రెండోదే అనుకుంటాను. సంతోషాన్ని కాపాడుకోవడానికి కూడా మనిషి ఇంత నీచానికి దిగుతాడని నాకు తెలియదు.

అతను మళ్ళీ తాగలేదు. ఇప్పుడు సంఘ పెద్ద. ఎదురైతే భుజం తట్టి నవ్వుతాడు, ఆ మాట ఎత్తడు. ఇదంతా ఇలాగే సర్దుకుపోయేదేమో. కానీ స్త్రీల కూటంలో యాదమ్మ సాక్ష్యం చెబుతుంది. "మా ఆయన ఒక్కసారి జారిండు, దేవుడు లేపిండు" అని కళ్ళు తుడుచుకుంటుంది. జారింది అతను కాదు. ఆ తల్లి ఇన్నేళ్ళుగా నా పాపానికి తన భర్త పేరు పెట్టి దేవుడికి కృతజ్ఞతలు చెబుతోంది.

మొన్న ఆదివారం పళ్ళెం నా ముందుకు వచ్చినప్పుడు గిన్నె ఎత్తాను. నేను కాచిన రసమే, వాసన తీయగా ఉంది. తిరిగి పెట్టేశాను. పక్కనున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఎదుటి వరుసలో బాలరాజు చూశాడు. తల అడ్డంగా ఊపాడు, వద్దన్నట్టు.

ఈ సాయంత్రం అయ్యగారు, పెద్దలు మా ఇంటికి వస్తున్నారు. బాలరాజూ వస్తాడు. యాదమ్మను కూడా తీసుకురమ్మని అయ్యగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఏమంటుందో తెలియదు. బల్ల పని ఉంటుందో పోతుందో తెలియదు. కుర్చీలు వేశాను. టీకి నీళ్ళు పెట్టాను. మీకు చెప్పేశాను కాబట్టి, వాళ్ళ ముందు ఈ మాట నోట్లోంచి రావడానికి దారి పడింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. తలుపు తీసే ఉంచాను.