దానయ్య ముక్కు

భావనపాడు రేవులో దానయ్య ముక్కుకు ఒకప్పుడు పెద్ద పేరు. చేపను తాకకుండానే ఏ పూట పట్టిందో చెప్పేవాడు. వేట నిషేధం రెండు నెలలూ మూసి ఉంచిన బోట్లలో, అడుగున చేపలు వేసే గదిని తెరిచేటప్పుడు అతన్నే పిలిచేవారు. మూత తీసి, వంగి వాసన చూసి, అతను ఊఁ అంటేనే దిగేవారు. కుళ్లిన గుడ్ల కంపు వస్తే ఆగేవారు.

మూడేళ్ల కిందట జూన్‌లో, చెల్లెలు నూకాలమ్మ మొగుడు కూర్మారావు పనిచేసే బోటు మూత తీశారు. కంపు గుప్పుమంది. దానయ్య పక్కనే కూర్చుని మళ్లీ మళ్లీ వంగి చూశాడు. కాసేపటికి కంపు తెలియలేదు.

"ఇంకేటి నేదు బావా, దిగు" అన్నాడు.

కూర్మారావు నిచ్చెన సగం దిగి కూలిపోయాడు. వెనకే దూకబోయిన దానయ్యను నలుగురు గట్టిగా పట్టుకున్నారు. తాళ్లు వేసి పైకి లాగేసరికి మనిషి లేడు. నడుముకున్న వెండి మొలతాడు నల్లబడిపోయింది.

నేను టెక్కలి కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెబుతాను. గాలి ఆడని చోట, ఉప్పునీటిలోని సల్ఫేటుతో ఊపిరి తీసుకునే బ్యాక్టీరియా ఉంటాయి. చేపల కుళ్లు తిని విషవాయువు వదులుతాయి. ఇనుమునూ తొలిచేస్తాయి. ఆ వాయువు తగిలితే వెండి నల్లబడుతుంది. బాగా ఎక్కువైతే ముందు ముక్కు మొద్దుబారుతుంది. కంపు పోయినట్టే ఉంటుంది, విషం మాత్రం అక్కడే ఉంటుంది. ఇదంతా ఏటా బోర్డు మీద రాశాను, మార్కులు కూడా వేశాను. గంట ప్రయాణం లేని రేవుకు వెళ్లి ఒక్కరికీ చెప్పలేదు. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

దినాలయ్యాక వెళ్లి చెప్పాను. దానయ్య అంతా విన్నాడు.

"అయితే కంపు పోనేదా మేడమ్? నా ముక్కే పోయిందా?"

అవునన్నాను. నూకాలమ్మ గుమ్మంలో నిలబడి వింది. అప్పటికే ఆమె అన్నతో మాట మానేసింది. ఆ రోజూ పలకరించలేదు. దానయ్య రేవులో ఏ మూత దగ్గరా వంగడం మానేశాడు.

ఈ జూన్‌లో మరో బోటు. మూత తీసి ఒక రోజైంది, ఫ్యాను తిరుగుతోంది. గాలిలో విషవాయువుంటే కూత పెట్టే మీటరును కాలేజీ నుంచి నేను పట్టుకెళ్లాలి, బస్సు ఆలస్యమైంది. నేను దిగేసరికి బోటు డ్రైవరు తారకేశ్వరరావు కేకలేస్తున్నాడు.

"కంపు నేదు కదా మావా! ఇంకేటి సూత్తన్నావు?"

"నేదనే నా బయం. మీటరొచ్చీదాకా ఎవుడూ దిగడు" అని దానయ్య చేపల గది నోటికి అడ్డంగా కూర్చున్నాడు.

"పోనీ, నువ్వే ఓపాలి వాసన సూసి సెప్పు."

దానయ్య ముఖం పాలిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు.

ఒడ్డున చేపలు ఎండబెడుతున్న నూకాలమ్మ చేతులు తుడుచుకుని బోటెక్కింది. కొంగుముడి విప్పి, నల్లటి మొలతాడు తీసి చెక్క మీద పెట్టింది. మూడేళ్లలో దాన్ని ఒక్కసారీ తోమలేదు.

"మా అన్న ఆగమంటన్నాడు. ఆగు" అంది.

తర్వాత అన్న పక్కన కూర్చుంది. దానయ్య రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. నేను మీటరును తాడుకు కట్టి కిందికి దించాను. సగం దూరం వెళ్లిందో లేదో, అది కూత పెట్టింది.