చాట్రాయి ముక్కలు అరంగుళం తక్కువ

డిగ్రీ అయిపోయి, ఉద్యోగమూ పెళ్ళీ రెండూ ఇంకా గుమ్మం తొక్కని ఆ రోజుల్లో నేను లోకంలో ఎవర్నీ నమ్మేదాన్ని కాదు. ఇందులో నా తప్పేమీ లేదు, పెంపకం అలాంటిది. మా నాన్న నూజివీడు చుట్టుపక్కల మామిడితోటలు గుత్తకి పట్టేవాడు. పూత మీద బేరం, పిందె మీద లెక్క, కాయ దిగేదాకా అనుమానం. ట్రేలో పైవరస చూసి మురిసిపోయేవాడు వ్యాపారానికి పనికిరాడని, చెయ్యి అడుగుదాకా పెట్టి చూడాలని నాకు అక్షరాభ్యాసం నాడే చెప్పి ఉంటాడు. నేను ఆ పాఠాన్ని కాయల దగ్గర ఆపకుండా పాలవాడికి, కూరలమ్మికి, మా అక్కకి పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి కూడా వర్తింపజేశాను. (పెళ్ళిచూపుల్లో బావ చెప్పుల్లో కుడికాలిదే ఎందుకు అరిగిందని పైకే అడిగాను. బండి కిక్కు కొట్టే అలవాటని తర్వాత తేలింది.) అప్పట్నుంచీ అక్క నన్ను ఇన్‌స్పెక్టరమ్మ అని పిలిచేది. వెక్కిరింపని తెలిసీ నేను బిరుదులాగే తీసుకున్నాను.

అక్కని చాట్రాయి ఇచ్చాం. వాళ్ళూ తోటలవాళ్ళే. సీమంతం అయ్యాక తొలికాన్పుకి అక్క మా ఇంటికొచ్చింది. మా వైపు పుట్టిన బిడ్డకి పురుడు వెళ్ళేదాకా కొత్తగుడ్డ తగలనివ్వరు. కట్టి కట్టి మెత్తబడిన పెద్దవాళ్ళ నూలు చీరలే పక్కకీ, కప్పడానికీ. ఆ చీరలతోనే చిన్న బొంత కుడతారు. "ఇరువైపుల చీరలూ పడాలి బిడ్డ కింద" అంది అమ్మ. మామూలుగా అయితే నాలుగు చీరలు మడిచి దబ్బనంతో టాకాలు వేసేస్తే అయిపోయేది. కానీ అప్పుడే మా ఇంట్లోకి స్మార్ట్‌ఫోన్ వచ్చింది, నేను యూట్యూబ్ చూశాను. ఎవరో ఒకావిడ రంగురంగుల చదరాలు విడివిడిగా కుట్టుకుని, చివర్లో అన్నీ కలిపి బొంత చేసేసింది. మనమూ అలాగే చేద్దామన్నాను. సగం ముక్కలు మావి, సగం చాట్రాయివి. ఎనిమిదంగుళాల చదరం, ఒక్క పిసరు అటూఇటూ పోకూడదు. మామిడికాయల అట్టపెట్టె కోసి రెండు కొలత అట్టలు చేసి, ఒకటి బావ చేత చాట్రాయి పంపించాను. పాత నూలు చీరలే వాడాలని, కుట్టుకి వదిలి కోయాలని, ఫోన్లో రెండుసార్లు చెప్పాను. అక్క అత్తగారు రెండుసార్లూ "అలాగేనమ్మా" అంది. అంత సులువుగా ఒప్పుకుంటే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

కొన్నాళ్ళకి సగం ముక్కలు వచ్చాయి, మిగతావి వెనకాల పంపుతామన్నారు. అబ్బ, ఏం రంగులు! హాల్లో చాప పరిచి మావీ వాళ్ళవీ పక్కపక్కన పేర్చాను. మొదటి వరస మధ్యలోనే వంకర పోయింది. మా ముక్క పక్కన వాళ్ళ ముక్క అన్నయ్య చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా ఉంది, ఎటు జరిపినా ఒకవైపు సందు. టేపు తెచ్చి కొలిచాను. ఒకవైపు అరంగుళం తక్కువ, రెండోవైపు పావంగుళం తక్కువ. ఒక్కటి కాదు, చాట్రాయి నుంచి వచ్చిన ప్రతి ముక్కా అంతే.

"చూశావా?" అంది అమ్మ, నడుం మీద చెయ్యి వేసుకుని. "ముక్కకి అరంగుళం చొప్పున మిగుల్చుకున్నారు. సీమంతానికి కారప్పూస పంపినప్పుడే అనుకున్నా, డబ్బా పెద్దదే, అడుగున కాగితాలు."

"పైవరస నిగనిగలాడుతుంటేనే చెయ్యి అడుగుకి పెట్టాలి" అన్నాడు నాన్న పేపరు దించకుండా.

"వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. బొంతలో కూడా కుదర్లేదు మనకి" అని అమ్మ నిట్టూర్చింది. "ఆదివారం వస్తోందిగా వదినగారు. అడిగేస్తాను. పరాయిదాన్నా నేను, అడగడానికి?"

మంచం మీద పడుకున్న అక్క లేచి కూర్చుంది. నిండు నెలల మనిషి, ఆ లేవడానికే ఆయాసం వచ్చింది. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, అడక్కు" అంది. "ఆవిడ నన్ను ఇంతవరకూ ఒక్క మాట అన్లేదు. నేను మళ్ళీ ఆ ఇంట్లోనే ఉండాలి. గుడ్డముక్కలు కొలిచారని తెలిస్తే ఆవిడ ఇంకెప్పుడూ నాతో మామూలుగా ఉండదు." చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. అమ్మ వెంటనే మెత్తబడింది గానీ, అడగనని మాత్రం మాటివ్వలేదు. మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆదివారంలోగా సంగతేంటో తేల్చకపోతే అక్క కాపురంలోకి అరంగుళం సందు నేనే తెచ్చి పెట్టినట్టవుతుందని నాకు నిజంగా భయమేసింది. చదరాలన్నది నేను, అట్ట కోసింది నేను, టేపు తెచ్చి అందరి ముందూ కొలిచిందీ నేనే.

మర్నాడు స్కూటీ తీశాను. సాకు దొరికింది, వాళ్ళ కారప్పూస డబ్బా తిరిగివ్వాలి. ఖాళీ డబ్బా ఇవ్వకూడదు కాబట్టి అమ్మ మాగాయ పెట్టిచ్చింది. (డబ్బా నిండా పెట్టింది. మనం ఎలా పెడతామో చూస్తారని.) చాట్రాయి చేరేసరికి ఎండ మాడు పగలగొడుతోంది. అక్క అత్తయ్యగారు గుమ్మంలోనే ఎదురొచ్చింది. మనిషి నవ్వుతోంది గానీ, పెరటి తలుపుకి అడ్డంగా నిలబడి నవ్వుతోంది.

"చెప్పకుండా వచ్చావేంటమ్మా? అమ్మాయి బానే ఉంది కదా?"

"బానే ఉందండీ. డబ్బా ఇద్దామని."

"డబ్బా కోసం ఇంత ఎండలోనా? మీ అమ్మగారు చూసి రమ్మన్నారా ఏంటి?"

"ఏం చూడ్డానికండీ?" అన్నాను. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ కొంగు సర్దుకుంది. నేనూ చున్నీ సర్దుకున్నాను. పెరట్లోంచి పొగ వాసన, దానితోపాటు వేపాకు వాసన. మధ్యాహ్నం పూట ఎవరు నీళ్ళు కాస్తారు? నాలోని ఇన్‌స్పెక్టరు ఒళ్ళు విరుచుకుని లేచింది. కాళ్ళు కడుక్కుంటానన్నాను. బాత్‌రూమ్ ఇటుందంది. పెరటి కుళాయి అలవాటన్నాను. (వాళ్ళ పెరటి కుళాయి నేను అంతకుముందు ఎప్పుడూ చూళ్ళేదు.) ఆవిడ చెయ్యి కింద నుంచి దూరి వెళ్ళాను.

పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద అండా. అందులో వేపాకుతో పాటు కుతకుతా ఉడుకుతున్నాయి, మిగతా చాట్రాయి ముక్కలు. తీగ మీద కొన్ని ఆరుతున్నాయి. అరుగు మీద పళ్ళెంలో ఇంకా ఉడకనివి కొన్ని, కుట్టినవి కుట్టినట్టే పెళపెళలాడుతున్నాయి. ముట్టుకుంటే చేతికి గంజి తెలిసింది. పక్కనే నా అట్టముక్క. తీసి ఉడకని ముక్క మీద పెట్టాను, కచ్చితంగా సరిపోయింది. తీగ మీది ముక్క మీద పెట్టాను, ఒకవైపు అరంగుళం, ఒకవైపు పావంగుళం అట్టే బయటికొచ్చింది. దొంగ దొరికిందనుకుని గర్వంగా వెనక్కి తిరిగాను. అత్తయ్యగారు అట్టవైపు చూస్తోంది. ఆవిడ మొహం చూశాక నా గర్వం ఎటు పోయిందో తెలీదు.

"తగ్గిపోయాయా?" అంది. "నీ అట్ట పెట్టే కోశానమ్మా. కుట్టేశాక ఇక చూళ్ళేదు. అయ్యో, మీవాళ్ళందరూ చూశారా?"

"ఇవి పాత చీరలు కావు కదండీ?"

ఆవిడ అరుగు మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది. "పాతవి ఎక్కడివమ్మా నాకు? తోటల్లో తిరిగే మనిషిని. నూలు చీర కట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించుకునే తీరిక ఎప్పుడుంది? పెళ్ళైన దగ్గర్నుంచీ నావన్నీ పాలియస్టర్లే. పిండి ఆరేస్తే పావుగంటలో ఆరతాయి. అవి పసిబిడ్డ కింద వేస్తే ఒళ్ళు మండదూ?" పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "మీ అమ్మగారి బీరువా చూశాను సీమంతంనాడు, నిండా నూలు చీరలే. ఒక్క పాత చీర లేని నాయనమ్మేంటని అనుకోరూ? కొత్తవి కొన్నానంటే, బిడ్డకి కొత్తగుడ్డ పరిపించిందని ఇంకో మాట. అందుకని కొని, కుట్టి, పాతవయ్యేదాకా ఉడకబెడుతున్నాను. ఇవి మూడోసారి."

కొత్త నూలు వేణ్ణీళ్ళు తగిలితే కుంచించుకుపోతుంది, పొడుగువైపు ఎక్కువ, అడ్డంవైపు తక్కువ. ఆ సంగతి మా యూట్యూబ్ ఆవిడా చెప్పింది, నేనే ముందుకి జరిపేశాను. మేం మిగుల్చుకున్నారనుకున్న గుడ్డ ఆవిడ డబ్బు పెట్టి కొన్నది, పొయ్యి దగ్గర కూర్చుని పొగ మింగి మెత్తబరిచినది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పొగ అన్నాను. "మీ అమ్మగారికి చెప్పకమ్మా" అంది అత్తయ్యగారు. చెప్పనన్నాను. ఒట్టేయమనలేదు. నేనైతే వేయించుకునేదాన్ని.

దారంతా అబద్ధం తయారు చేసుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి బండి స్టాండు వేస్తూనే చెప్పేశాను, తప్పు నాదే, చాట్రాయి పంపిన అట్టే చిన్నదిగా కోశానని.

"మరి ఒకవైపు అర, ఒకవైపు పావు ఎలా తగ్గిందే?" అన్నాడు నాన్న. ఆయన్ని తోటలవాళ్ళు ఎందుకు తప్పించుకు తిరుగుతారో నాకు ఆ క్షణంలో అర్థమైంది.

"కత్తెర జారింది."

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

అమ్మ నావైపు కాసేపు చూసి నెత్తి కొట్టుకుంది. "డిగ్రీ చదివి ఎనిమిదంగుళాలు కొలవడం రాలేదు. వాళ్ళని అనవసరంగా ఆడిపోసుకున్నాను" అని అప్పటికప్పుడు ఫోన్ చేసింది. "మా చిన్నది కొలత తప్పు పంపింది వదినగారూ, ఏమీ అనుకోకండి" అంది. అవతల నుంచి "పోనీలెండి, చిన్నపిల్ల" అని వినపడింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దానికి ఏం అర్థమైందో అడగలేదు.

ఇక బాగుచేయడం మిగిలింది. మావి కోసి చిన్నవి చేద్దామంటే బొంత రుమాలవుతుంది. అందుకని అమ్మ పాత చీరల నూలు అంచులు చీల్చి, చాట్రాయి ముక్కల చుట్టూ పట్టీలుగా వేశాం. తగ్గిన వైపు వెడల్పు పట్టీ, రెండోవైపు సన్నది. తర్వాత అట్ట పెట్టి అన్నీ ఎనిమిదికి సమంగా కత్తిరించాం. కత్తెర అమ్మే పట్టుకుంది, నాకివ్వలేదు, ఒక్కో చాట్రాయి ముక్కనీ వేళ్ళతో నలిపి చూసి మరీ కోసింది. ఆకుపచ్చ అంచుల మధ్య ఆ ముక్కలు ఫ్రేము కట్టిన పటాల్లా ఉన్నాయి, మావి వాటి పక్కన వెలవెలబోయాయి. ఆదివారం వచ్చిన అత్తయ్యగారు బొంత మీద చెయ్యేసి నిమిరింది. అమ్మ కాఫీ ఇస్తూ, "మీ ముక్కలే బాగున్నాయి వదినగారూ" అంది. అక్క ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఆ బొంత మీదే మా అక్క కొడుకు బోర్లా పడ్డాడు, పాకాడు, పాడుచేశాడు. నాకు మాత్రం కొలత రాని పిల్లనన్న పేరు స్థిరపడిపోయింది. నా పెళ్ళిలో మా ఆయనకి మొదట చెప్పిన కబురు అదే. ఇప్పటికీ నేను కర్టెన్లు కొలిస్తే ఇంకొకళ్ళు మళ్ళీ కొలుస్తారు. చుట్టాల్లో ఈ కథ వచ్చినప్పుడల్లా అందరూ నవ్వుతారు. అత్తయ్యగారు మాత్రం నా విస్తట్లో ఇంకో గారె వేసి అటు తిరిగిపోతుంది.

అక్క రెండో కాన్పుకి ముందు ఏడాది అమ్మ ఉన్నట్టుండి మూడు కొత్త నూలు చీరలు కొంది. వాటినే మార్చి మార్చి కట్టింది, ఉతికింది, ఎండేసింది. అవి మెత్తబడ్డాక, రంగులు నప్పలేదని చాట్రాయి పంపేసింది. "కట్టిన చీరలు ఇస్తున్నానని ఏమీ అనుకోకండి వదినగారూ, తోటకి కట్టుకోండి" అంది ఫోన్లో. అప్పటికి నాకు పెళ్ళై, ఉద్యోగమొచ్చి, అనుమానించే తీరిక లేదు. రంగు నప్పలేదేమో అనుకున్నాను. రెండో బొంతకి చాట్రాయి ముక్కలు వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. మూటవిప్పి చాప మీద పేర్చాం. ఆవపువ్వు రంగు, వంకాయరంగు, నెమలికంఠం, అన్నీ అమ్మ ఏడాదిపాటు కట్టిన చీరలే. ఎటు చూసినా ఎనిమిదంగుళాలు.

నేను తలెత్తి అమ్మవైపు చూశాను.

"ఏంటే అలా చూస్తావ్? ఈసారి అట్ట నువ్వు కోయలేదుగా, అందుకే కుదిరాయి" అంది అమ్మ, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఎప్పట్నుంచి తెలుసని అడగబోయి మానుకున్నాను. ఆ రోజుల్లోని ఇన్‌స్పెక్టరమ్మ అయితే అడిగేసేదే, అమ్మ చేత ఒప్పించి, అత్తయ్యగారికి ఫోన్ కూడా కలిపేది. పాపం పిచ్చిపిల్ల, రహస్యం పట్టుకోవడానికి ఎండలో పడి చాట్రాయి దాకా వెళ్ళింది. అంతకన్నా పెద్ద రహస్యం దాచుకోగల మనిషి ఇంట్లోనే మాగాయ డబ్బాకి మూత పెడుతూ కూర్చుంది.