మామయ్యగారి చేతికి కర్ర ఇచ్చాను

1998 ప్రాంతంలో మేం రావులపాలెం దగ్గరి పల్లెలో ఉండేవాళ్ళం. మతిమరుపు ముదిరి మామయ్యగారు నన్నే "ఎవరండీ మీరు?" అని అడిగే స్థితికొచ్చారు. "ఒంటికి శ్రమ, మెదడుకి పని రెండూ ఒకేసారి ఇవ్వండి" అన్నారు రాజమండ్రి డాక్టరు. నడుస్తూ ఎక్కాలు చెప్పమంటే ఆయన విసుక్కునేవారు. వయసులో కర్రసాము చేసిన మనిషి కదా అని ఆ కర్రే చేతికిచ్చి, వేసే ప్రతి దెబ్బకీ పేరు చెప్పమన్నాను. మావారు వద్దన్నారు. నేను వింటానా?

కొన్నాళ్ళకే ముఖంలో కళ వచ్చింది. ఓ సాయంత్రం పెరట్లో నేనూ ఓ కర్ర పట్టుకుని ఎదురుగా నిలబడి, "అప్పట్లో పొలం నీళ్ళకోసం పక్క రైతుతో తూము దగ్గర ఎలా కొట్టుకున్నారు మామయ్యగారూ?" అన్నాను.

ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "నా తూము మూస్తావంట్రా!"

మొదటి దెబ్బకి నా ముంజేతి ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. రెండోది నుదురు చీల్చింది. కళ్ళలోకి రక్తం కారుతుంటే అరటిచెట్ల మధ్య పడిపోయాను. కర్ర మళ్ళీ నా తలమీదికి లేచింది. దణ్ణం పెట్టినా ఆగేలా లేరు. ఒళ్ళు మండిపోయింది.

"ఏంటండీ ఇది! రోజూ వండిపెట్టేదాన్నే చంపుతారా? బుద్ధుందా మీకు?"

కర్ర గాల్లోనే ఆగింది.

"ఈ నోరు మా కోడలిదే!" అంటూ వంగి నన్ను పట్టి లేపారు. "అయ్యో, ఎవడమ్మా నిన్ను కొట్టింది? చెప్పు, వాడి తల పగలగొడతాను!"

సాము మాన్పించలేదు, కర్ర బదులు విసనకర్ర ఇచ్చానంతే. ముసురు పట్టినప్పుడల్లా చెయ్యి సలుపుతుంది. నోరు తగ్గించుకోమని మావారు ఇప్పటికీ అంటారు. నేనెందుకు తగ్గించుకుంటాను?