భయం ముందుగా చెప్పిన మా నాయనమ్మ

నా చిన్నప్పుడు, నాకు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో ఉండగా, ఒక ఎండాకాలం టేకులపల్లి వైపు అడవి అంచున ఉన్న మా పల్లెకు గత్తర భయం పట్టుకుంది. పక్క గూడెంలో వాంతులు, విరేచనాలతో మనుషులు రెండు పూటల్లోనే పోతున్నారు. మా పెద్దలు పొలిమేర బాటకు అడ్డంగా ముళ్లకంప వేసి, ఇటువాళ్లు అటు పోవద్దని, అటువాళ్లు ఇటు రావద్దని కట్టడి చేశారు.

అవి బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులు. మా తాతయ్య, నాయనమ్మ పొద్దున్నే అడవిలో ఆకు కోసుకొచ్చి, ఇంటి ముందు పందిరి కింద కూర్చుని కట్టలు కట్టేవారు. కట్టకు యాభై ఆకులు. తాతయ్య పైకి లెక్కపెట్టేవాడు కాదు, చేతికే తెలిసిపోయేది. ఆకు కొనే కల్లం దగ్గర ఆయన కట్ట విప్పి చూసినవాళ్లు లేరు. ఆ సంగతి ఆయన వచ్చినవాళ్లకల్లా చెప్పుకునేవాడు కూడా.

ఆ వారం మాత్రం ఇద్దరికీ క్షణం పడలేదు. కట్టే నార పొట్టిగా ఉందని ఆయన, నీళ్లకుండ మీద మూత పెట్టలేదని ఆమె. నోరు చేసుకోవడంలో మా వాడలో నాయనమ్మను మించినవాళ్లు లేరు. నాది కూడా అచ్చం ఆమె పోలికే అంటారు, కాదనను.

ఒక మధ్యాహ్నం ఆమె తాతయ్య కట్టిన కట్ట ఒకటి చేతిలోకి తీసుకుని, ఎందుకో అనుమానం వచ్చి విప్పింది. నలభై మూడే ఉన్నాయి. ఇంకొకటి విప్పింది. అరవై దాటాయి. ఇక తాతయ్య పని అయిపోయిందనుకుని నేను పక్కకు జరిగాను. ఆమె ఆకులు కింద పెట్టి, ఎన్నడూ లేనంత మెల్లగా మాట్లాడింది.

"ఇగో, నాకు బుగులైతాంది. ఏ పని చేస్తున్నా గా గత్తరే యాదికొస్తాంది."

పాము కనిపిస్తే చేతికందిన దానితో కొట్టే మనిషి ఆమె. ఆమెకు భయమేమిటని నేను నోరు తెరిచాను. తాతయ్య నార మెలిపెడుతూ, తలెత్తకుండానే చెప్పాడు.

"మొన్న నేను కంప దాటి పోయిన. ఆ గూడెంల నా దోస్తు సచ్చిపోయిండు, మోసెటోళ్లు లేరు. నేనే పట్టిన. వచ్చి మీ నడుమనే తిన్న. నా వల్ల ఈ పిల్లకు ఏమన్న అయితే..."

పిల్ల అంటే నేనే. తాతయ్య ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాయనమ్మ తిట్టలేదు. "చెప్పినవ్ గద, ఇగ ఇద్దరం కల్సి జూసుకుందాం" అని లేచింది. ఆ పూటే పెరటి కొట్టంలో ఆయనకు మంచం వేసి, కాచిన నీళ్లు వేరే కుండలో పోసింది. రోజూ పది అడుగుల దూరంలో కూర్చుని ఆయనతో కబుర్లు చెప్పేది. ఎవరికీ ఏమీ కాలేదు. అది మా అదృష్టం, అంతే. కానీ ఎదురుచూసిన ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక్క అరుపు వినిపించలేదు.

ఇంత చూసి కూడా నాకు వెంటనే బుద్ధి రాలేదు. కరోనా వచ్చిన రెండో ఏడు మా ఆయనకు జ్వరం తగిలింది. బొగ్గుబావిలో పని చేసి రిటైరైన మనిషి, ఊపిరితిత్తులు అసలే అంతంతమాత్రం. ముందు గదిలో తలుపు వేసుకున్నాడు. మందులు వేసుకున్నావా అని బయటి నుంచి నేను, వేసుకున్న, నస పెట్టకు అని లోపలి నుంచి ఆయన, మూడు రోజులు ఒకటే అరుపులు. నాలుగో పొద్దున గంజి గిన్నె పెడుతూ మళ్లీ అరవబోయి ఆగాను. గడప ఇవతలే కూర్చున్నాను.

"నాకు బుగులైతుందయ్యా" అన్నాను.

లోపల మంచం కిర్రుమంది. ఆయన వచ్చి తలుపుకు అవతలి వైపు కూర్చున్నాడు.

"నాకు గూడ" అన్నాడు. "నిన్నటి సంది దమ్ము అందుతలేదు. నువ్వు ఆగమైతవని చెప్పలే."

ఆ పూటే దవాఖానాకు తీసుకుపోయాం. ఇంకొక రోజు ఆగి ఉంటే చేయగలిగేది ఏమీ ఉండేది కాదన్నాడు డాక్టరు. పదకొండు రోజులకు ఇంటికి వచ్చాడు, ఇప్పుడు చాయ్‌లో చక్కెర తక్కువైందని నా మీద బాగానే అరుస్తున్నాడు.

నాయనమ్మకు ఆ రోజు నిజంగా భయం వేసిందో, తాతయ్య నోరు తెరిపించడానికే అలా అన్నదో నేను ఎన్నడూ అడగలేదు. నాకు మాత్రం నిజంగానే వేసింది, అది చెప్పడానికి మూడు రోజులు పట్టింది. అందుకే ఆయనతో మాట మాట పెరుగుతున్నప్పుడు, నేను దేనికి భయపడుతున్నానో ముందు నేనే చెప్పేస్తాను.